మనీషా గొర్రెలు

జూన్ 12

బడులు తెరిచారు. నా కూతురు మనీషా మూడో తరగతికి వెళ్ళింది, నేను నాలుగో తరగతికి తెలుగు చెప్పడానికి వెళ్ళాను. ఇద్దరిదీ ఒకటే బడి కాబట్టి ఆటో ఖర్చు సగం.

విడాకులు వచ్చి నెల దాటింది. ఇక వికారాబాద్ కోర్టు మెట్లెక్కే పని లేదనుకున్నాను. నా మొహం! విడిపోవడం ఒక కేసట, విడిపోయాక పిల్లను ఎవరెంత పెట్టి సాకాలన్నది ఇంకో కేసట. మా వకీలు పద్మారాణి మేడం మళ్ళీ రమ్మన్నారు.

ఈ పుస్తకం ఎందుకు మొదలుపెట్టానంటే, ఇంట్లో అరుద్దామంటే గోడలు పల్చన. పక్కవాటా హన్మమ్మక్క చెవి ఆ గోడకే ఉంటుంది.

జూన్ 19

మేడం దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. మనీషా నాన్న అరుణ్‌కుమార్ నన్నేమన్నాడో, తాండూర్‌లో ఏం చేశాడో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"అవన్నీ విడాకుల్ల అయిపోయినయ్ అంబికా. ఇప్పుడు కోర్టుకు నీ కోపంతోని పని లేదు. ఆయన సంపాదన ఎంత, నీ సంపాదన ఎంత, పిల్లకు ఎంత అయితది, మీరు కలిసున్నప్పుడు ఎట్ల బతికిండ్రు. గివే చూస్తరు. ఇద్దరూ ప్రమాణం జేసి రాసియ్యాలె."

నా జీతం పదకొండు వేలు. అద్దె, ఫీజు, పాలు, మనీషా కళ్ళద్దాలు, అన్నీ చెప్పాను. నాకేమీ వద్దు, పిల్లకు ఇస్తే చాలన్నాను. మేడం కలం ఆపి నా వైపు చూశారు. "నీ రోషం పక్కన పెట్టు. తల్లి పస్తుంటే పిల్ల కడుపు నిండుతదా?" అన్నారు. నా పేరున కూడా నెల ఖర్చు అడుగుతూ రాశారు. అడగనీ. నాకేం పట్టలేదు.

చివర్లో పిల్లకు సొంతంగా ఆస్తులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆస్తులేంటి మేడం, పెన్సిలే రెండు రోజులకొకటి పోగొడుతుంది అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. 'లేవు' అని రాసి సంతకం పెట్టాను.

జూలై 8

ఆయన రాసిచ్చిన కాగితం నకలు వచ్చింది. తాండూర్‌లో నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్ అట. తొమ్మిది వేల జీతమట. ఆస్తి సున్నా. ముసలి తల్లిదండ్రుల పోషణ తన మీదే ఉందట!

మామ బీరప్పకు ఆయన పోషణా? డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డా మామ ఇప్పటికీ కోట్‌పల్లి చెరువు గట్టున పొద్దుందాక మంద వెంట నడుస్తాడు. ఒంటి మీది గొంగడి కూడా తన గొర్రెల ఉన్నితో తానే నేయించుకున్నది. అత్తమ్మ ఎంకమ్మ కొడుకు దగ్గర చీర తీసుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తుండదు.

ఆ యూనిట్‌లో ఆయనకు సగం వాటా ఉంది. మహిధర్ పటేల్‌తో పొత్తు. పోయినేడు కొట్లాటలో ఆయన నోటితోనే అన్నాడు, "నేను మిషిన్లు పెట్టినోన్ని, నీ లెక్క జీతగాన్ని గాను" అని. ఇప్పుడు కాగితం మీద ఆయనే జీతగాడయ్యాడు.

కోర్టుకు నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. ఇస్త్రీ మడత నలగలేదు. నాకేం పట్టలేదు.

జూలై 12

రెండో శనివారం. వాటాకు రుజువేమైనా దొరుకుతుందేమో చూడమన్నారు మేడం. రైలెక్కి తాండూర్ వెళ్ళాను. ధారూర్ దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది, అదొక్కటే ఈ రోజు దక్కిన లాభం.

యూనిట్‌లో మిషన్ల మోత, బండల మీద నుంచి బూడిదరంగు నీళ్ళు. గేటు దగ్గర ఒకామెను అరుణ్‌కుమార్ ఉన్నాడా అని అడిగితే, "సేటు బయటికి పోయిండు" అంది. తొమ్మిది వేల సేటు!

మహిధర్ పటేల్ లోపలికి పిలిచి చాయ్ ఇప్పించాడు. మర్యాదస్తుడే. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు కాదు, కూతే లేదు ఆయనకు. కిందికి చూస్తూ అన్నాడు, "కాయితాలన్ని నా పేరు మీదనే ఉన్నయ్ చెల్లె. మా ఇద్దరి నడుమ నోటిమాటే. నన్ను గీ పంచాయితిల గుంజకు." చాయ్ తాగి వచ్చేశాను. నోటిమాటను కోర్టుకు ఎట్లా పట్టుకెళ్ళాలి?

ఆగస్టు 6

నా నోరు నన్నే ముంచింది.

బోనులో నిలబెట్టారు. అటువైపు వకీలు పెద్దాయన, మాటలు తేనె. జీతం అడిగాడు, అద్దె అడిగాడు, ట్యూషన్లు చెప్తానా అని అడిగాడు. అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాను. అప్పుడు జాలిగా మొహం పెట్టి, "మీ అత్తగారింట్ల ఆ పిల్లకు ఏమి పెట్టలేదంటున్నవ్. పుట్టినప్పుడు గూడ ఒట్టి చేతులతోనే చూసిపోయిండ్రా? గంత గతిలేని ఇల్లా అమ్మా అది?" అన్నాడు.

నాకు ఎక్కడో కాలింది. ఆ ఇల్లు నన్ను వద్దనుకున్నా, నేను దాన్ని వద్దనుకున్నా, గతిలేని ఇల్లని ఎవడో అంటే ఎట్లా వింటాను?

"గతిలేని ఇల్లు ఎందుకైతది సార్? నా బిడ్డ పుట్టిన పురుడు నాడే మా మామ ఆడ గొర్రెపిల్ల చెవి కోసి దాని పేరు మీద ఇడిసిండు. ఇప్పుడు ఇరవైకి మీదనే ఉన్నయ్ నా బిడ్డ జీవాలు!"

"ఇది రికార్డు చేయాలి సార్" అని వకీలు జడ్జిగారికి దండం పెట్టి కూర్చున్నాడు. పద్మారాణి మేడం నుదురు పట్టుకున్నారు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. పిల్లకు ఆస్తి లేదని ప్రమాణం చేసి రాసిచ్చింది నేనే, ఉందని రొమ్ము విరుచుకుని చెప్పిందీ నేనే.

నిజంగా అబద్ధమాడలేదు. గొర్రెలు కాసే మా ఇళ్ళల్లో వాటిని ఆస్తి అనరు. పిల్ల పుడితే ఒక గొర్రెపిల్లకు ఆ పిల్ల గుర్తుగా చెవి కోస్తారు. దానికి పుట్టిన ఆడపిల్లలన్నిటికీ అదే గుర్తు. పొట్టేళ్ళను అమ్ముతారు గానీ ఆడవాటిని ముట్టరు. ఆ పిల్ల పెళ్ళినాడు అవన్నీ ఆమె వెంట నడిచిపోతాయి. మనీషా గుర్తు ఎడమ చెవికి రెండు కోతలు. మనీషాకు జడలున్నట్టు దానికి ఆ గొర్రెలున్నాయి. ఎవరైనా జడలను ఆస్తి అని రాస్తారా?

ఆగస్టు 7

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. "పిల్లకు సొంత ఆస్తి ఉంది, తండ్రి మీద భారం ఎందుకు వెయ్యాలె అంటరు ఇగ. పైగా నువ్వు దాచినవంటరు" అని, "అసలు ఎందుకన్నవ్ ఆ మాట?" అని అడిగారు.

"మావాళ్ళు ఆకలైనా ఓర్సుకుంటరు మేడం. ఒట్టి చేతులోళ్ళు అంటే ఓర్సుకోరు."

"అందరూ గంతేనా?"

"నేనెంత? మా మామనైతే ఆ మాట అని చూడాలె" అని నవ్వాను. మేడం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

సెప్టెంబర్ 3

రాజీకి పిలిచారు. బల్లకు అటు ఆయన, ఇటు నేను. తెల్లచొక్కా. కొంచెం చిక్కాడు. నాకేం పట్టలేదు.

నెలనెలా వద్దట. ఒక్కసారే రెండున్నర లక్షలు ఇస్తాడట, ఆ తర్వాత పిల్ల చదువు, పిల్ల జ్వరం, ఏదీ ఆయనను అడగకూడదట. తొమ్మిది వేల సూపర్‌వైజర్‌కు రెండున్నర లక్షలు ఎక్కడివి అన్నాను.

"మనీషా గొర్లు అమ్మితే గంత వస్తయ్" అన్నాడు, కళ్ళు ఆర్పకుండా.

అత్త సొమ్ము అల్లుడు దానం అని వింటాం. బిడ్డ సొమ్ము బిడ్డకే తండ్రి దానం చెయ్యడం ఇక్కడే చూశాను. ఏదో అనబోయాను. మేడం బల్ల కింద నా కాలు తొక్కారు. వారం గడువు అడిగి లేచాం.

సెప్టెంబర్ 4

రెండున్నర లక్షలు.

సెప్టెంబర్ 5

ఇంటాయన దసరా నుంచి అద్దె పెంచుతానన్నాడు. మనీషా రెండో టర్మ్ ఫీజు కట్టాలి. బడిలో పనిచేసే టీచర్ పిల్లకే ఫీజు బాకీ ఉందని ఆఫీసులో నవ్వుతున్నారు. సంతకం పెడితే ఏమవుతుంది? గొర్రెలు గొర్రెలే కదా. మనీషా పెళ్ళి నాటికి వాటిని తోలుకెళ్ళడానికి దారెక్కడుంటుంది, అన్నీ అపార్ట్‌మెంట్లే అవుతాయి. ఇట్లా అన్నీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

సెప్టెంబర్ 7

అత్తమ్మకు నేనే ఫోన్ చేశాను. విడాకులయ్యాక ఇదే మొదలు. ఎట్లా ఎత్తుకోవాలో తెలియక వానలు పడుతున్నాయా అని అడిగాను.

"పడుతున్నయ్. నువ్వు వానల కొరకు ఫోన్ జేసినవా?" అంది. అత్తమ్మకు చుట్టూ తిప్పడం చేతకాదు. "అమ్మమని నేను చెప్ప, అమ్మొద్దని గూడ చెప్ప. మీ మామ మాత్రం నాలుగొద్దుల సంది బువ్వ సరిగ తింటలేడు. మందల ఆ రెండు కోతల చెవులను చూస్కుంట కూసుంటున్నడు. గంతే."

మామ ఉన్నాడా అంటే, "ఇక్కడనే ఉన్నడు, మాట్లాడడట" అంది. వెనక నుంచి గొర్రెల అరుపు వినిపించింది. మనీషా ఫోన్ లాక్కుని "మా బుడ్డది ఈనిందా నానమ్మా?" అని అడిగింది. దాని మొదటి గొర్రె మనుమరాలు ఆ బుడ్డది. డిసెంబర్‌కు ఈనుతుందట.

సెప్టెంబర్ 10

కుదరదని చెప్పేశాను. "మంచి పనే" అన్నారు మేడం. "పిల్లకు తండ్రి దగ్గర రావాల్సింది పిల్ల హక్కు. దాన్ని తల్లి అమ్ముకుంటానన్నా కోర్టు ఊకోదు." ఈ ముక్క వారం కిందట చెప్తే నా నిద్ర మిగిలేది కదా అన్నాను. "నువ్వే తేల్చుకుంటవని" అన్నారు.

అటువైపు వాళ్ళు మామను సాక్ష్యానికి పిలిపిస్తున్నారట. గొర్రెలు పిల్లవేనని ఆయన నోటితో చెప్పిస్తారు.

అక్టోబర్ 15

నెమ్మదిగా రాయాలి.

మామ తెల్ల పంచె కట్టుకుని, భుజాన గొంగడితో వచ్చాడు. మనీషా బడిలో ఉంది. నన్ను చూసి తలూపాడు.

అటువైపు వకీలు రెండే ప్రశ్నలు వేశాడు. గొర్లు ఎవరివి అంటే, "నా మనుమరాలియి. నావి గావు, వానియి గావు" అన్నాడు మామ. అమ్మితే ఎంత వస్తుందంటే, "అమ్మేటియి గావు" అన్నాడు. వకీలుకు అంతే చాలు. కూర్చున్నాడు.

పద్మారాణి మేడం లేచారు. నోట్లో వెన్న పెట్టుకున్నట్టు మెత్తగా మొదలుపెట్టారు.

"పెద్దయ్యా, మీ కొడుకుది తొమ్మిది వేల కూలి అంట. ఒకరి కింద పని జేస్తడంట. కన్న బిడ్డకు అన్నం పెట్టేటంత గూడ లేదంట. మీకూ మీ ముసలామెకూ తానే కూడు పెడుతున్ననని రాసిచ్చిండు. గంత గతిలేని ఇల్లా మీది? ఒట్టి చేతులేనా?"

ఒట్టి చేతులు! అది నా మాట. నవ్వుతూ నేనే ఆమె చేతికిచ్చిన మాట.

మామ కొడుకు వైపు చూశాడు. అరుణ్ వద్దన్నట్టు తలూపుతున్నాడు. మామ గొంగడి సర్దుకున్నాడు.

"ఎవడన్నడు ఆ మాట?"

"మీ కొడుకే సంతకం పెట్టిండు."

"వాడు నాకు కూడు పెడుతున్నడా?" మామ గొంతు హాలంతా వినబడింది. "నా కొడుకు కూలోడు గాదమ్మా. తాండూర్ల పాలిషింగ్ మిషిన్లల్ల సగం వాటా వానిది. మహిధర్ పటేల్‌తోని పొత్తు. ఏడేండ్ల పొట్టేళ్ళు అమ్మిన పైసలు, ఎరువు కొరకు చేన్లల్ల మంద పండవెట్టిన పైసలు, అన్ని అండ్లనే వోసినం. మేము ఒట్టి చేతులోళ్ళం గాదు."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ఎవరి పొట్టేళ్ళు?"

"పిల్లయే సార్. దాని పైసలే ముందుగల్ల పడ్డయ్."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు మొహం మాడిపోయింది. అరుణ్ తల దించుకున్నాడు. చొక్కా ఏ రంగో నాకు గుర్తులేదు.

బయటికి వచ్చాక "గెలిచినట్టే" అన్నారు మేడం. మామ గొంగడి తల మీద కప్పుకుని నా పక్క నుంచే వెళ్ళాడు. ఇటు చూడలేదు. మామా అని పిలిచాను. బస్టాండు వైపు మలుపు తిరిగిపోయాడు.

నాకు సిగ్గుగా ఉంది. ముసలాయన రోషాన్ని తాళంచెవిలాగా వాడుకున్నాం. తన నోటితో తన కొడుకు అబద్ధాన్ని పదిమందిలో బయటపెట్టించాం. మేడం తప్పేం లేదు, ఆమె పని ఆమె చేసింది. నాదే.

అక్టోబర్ 16

అత్తమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

అక్టోబర్ 21

ఎత్తలేదు.

నవంబర్ 2

ఫోనే మోగడం లేదు. నా నంబరు ఆపేసినట్టున్నారు. ఆపుకోనీ. నాకేం పట్టలేదు అని రాయబోయాను. పట్టింది. బాగా పట్టింది.

నవంబర్ 12

తీర్పు వచ్చింది. మామ సాక్ష్యం తర్వాత మేడం బ్యాంకు లెక్కలు తెప్పించమని అడిగారు. మహిధర్ పటేల్ కూడా పిలుపు అందగానే వచ్చి వాటా సంగతి ఒప్పుకున్నాడట. సంపాదన దాచిన మనిషి మాట నమ్మలేమని జడ్జిగారు అన్నారు.

మనీషాకు నెలకు ఎనిమిది వేలు, పెళ్ళయ్యేదాకా. బడి ఫీజులో సగం వేరే. కేసు వేసిన నాటి నుంచి లెక్క. నాకు మూడు వేలు. గొర్రెల గురించి కూడా రాశారు. అవి పిల్లవే, తండ్రి గానీ తల్లి గానీ కోర్టును అడగకుండా అమ్మకూడదు. ఎనిమిదేళ్ళ పిల్ల తన గొర్రెలు అమ్ముకుని తన అన్నం తినాలని ఏ చట్టంలోనూ లేదని జడ్జిగారు చదువుతుంటే మేడం నా చెయ్యి నొక్కారు.

మెట్ల దగ్గర అరుణ్ ఆగాడు. "పైసలది ఫికర్ లేదు, ఇస్త. మా నాయినను మాత్రం కోర్టుల నవ్వులపాలు జేసినవ్" అన్నాడు.

ఆరు నెలల్లో ఆయన అన్న నిజం ఇదొక్కటే. మెట్లు దిగి వచ్చేశాను.

డిసెంబర్ 3

నాకు వద్దన్న మూడు వేలతో బియ్యం బస్తా కొన్నాను. అన్నం బాగానే ఉడికింది. బియ్యానికి రోషం ఉండదు.

డిసెంబర్ 13

కొత్త నంబరు నుంచి ఫోన్. ఎత్తితే అత్తమ్మ!

"బుడ్డది ఈనింది. ఆడపిల్ల. రేపు ఆదివారం గదా, పిల్లను తీస్కొని రా, చెవి కొయ్యాలె."

ఇన్నాళ్ళు ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, "ముందుగాల మందల ఉంటి, వినవడలె. అటెన్క ఫోన్ గొర్ల నీళ్ళ తొట్టిల వడ్డది. కొత్తది కొనేటందుకు మీ మామకు తీరిందా? నువ్వే రావొచ్చు గదా, బస్సులు బందువెట్టిండ్రా?" అని ఎదురు గద్దించింది.

రెండు నెలల నా ఏడుపంతా నీళ్ళ తొట్టి పాలు.

డిసెంబర్ 14

కోట్‌పల్లిలో దిగేసరికి ఎండ ఎక్కింది. మామ దొడ్డిలో ఉన్నాడు. మోకాళ్ళ నడుమ గొర్రెపిల్ల. మనీషా ఉరికి వెళ్ళి దాని ముక్కుకు ముక్కు ఆనించింది. అత్తమ్మ పసుపు నూరుతోంది.

ఎట్లాగైనా చెప్పాలనే వెళ్ళాను.

"మామా, ఆ రోజు కోర్టుల..."

"ఏమైంది కోర్టుల?" చాకును రాయి మీద నూరుతూనే అన్నాడు.

"ఒట్టి చేతులోళ్ళు అంటే నువ్వు ఆగవని ఆ వకీలమ్మకు చెప్పింది నేనే. తప్పయింది."

"ఎర్కనే."

"ఎర్కనా?"

"యాభై ఏండ్ల సంది మంద మలుపుతున్న. నన్ను ఎవరన్న మలుపుతుంటే నాకు ఎర్కగాదా?" అని గొర్రెపిల్ల చెవిని వేళ్ళతో తడిమాడు. "అరుణ్ నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు బిడ్డా. మిషిన్ల ముచ్చట నా అంతట నేను ఎత్తొద్దని. కన్నకొడుకు, ఒట్టు వెట్టిన. రోషంల వచ్చిన మాటకు ఒట్టు అడ్డం రాదు గదా."

మామ చాకు పదును వేలితో చూసుకున్నాడు.

"ఆ గొర్లు పిల్లయి అని చెప్పంగనే బోనుల నుంచి దిగుమంటరేమో అనుకున్న. మీ వకీలమ్మ లేవకముందు కాయితాలు తిరగేసుకుంట కూసున్నది సూడు, అగో అప్పుడు భయమైంది నాకు. అడగకుండనే నన్ను దింపుతదేమోనని."

"మరి బయట పిలిస్తే చూడకుండ ఎందుకు పోయినవ్ మామా?"

"వాడు నా కొడుకు గదా బిడ్డా" అన్నాడు. గొంగడి అంచుతో మొహం తుడుచుకుని మనీషాను దగ్గరికి పిలిచాడు. దాని చెయ్యి తన చేతిలో పెట్టుకుని గొర్రెపిల్ల ఎడమ చెవికి రెండు కోతలు కోశాడు. అది ఒక్కసారి అరిచి ఊరుకుంది. అత్తమ్మ పసుపు అద్దింది. నేను వెళ్ళి మామ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపయ్యాక అత్తమ్మ జొన్నరొట్టెలు తినడానికి పిలిచింది.

డిసెంబర్ 15

పాత నెలల డబ్బు కూడా పడింది. బడి ఆఫీసులో ఫీజు బాకీ కట్టేశాను. మనీషా పక్కనే నిలబడి చూస్తోంది.

"మమ్మీ, ఇవి నాయిన పైసలా? నా గొర్ల పైసలా?"

రసీదు మీద దాని పేరు సరిచూసుకున్నాను.

"నీయే" అన్నాను.

రసీదు తానే పట్టుకుంటానంది. ఇచ్చాను.